దళసరి గుండె

ఆలిస్‌కు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. నడుస్తూ నడుస్తూ ఆగి, ఉన్నచోటే గొంతుక్కూర్చునేది. మెట్లెక్కినా, నీళ్ళ బిందె మోసినా, ఎండలో నాలుగడుగులు జోరుగా వేసినా కళ్ళు తిరిగేవి. ఛాతీ మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుండేది. మోకాళ్ళు మడిచి కూర్చోగానే అది తగ్గిపోయేది. కాసేపాగి లేచి, బట్టలు దులుపుకుని మళ్ళీ నడిచేది. ఎందుకు తగ్గుతుందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. దాహమేస్తే నీళ్ళు తాగినట్టే అదీనూ.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే క్వార్టర్లలో ఆమెకు బద్ధకస్తురాలని పేరు పడిపోయింది. మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా అంతే. ఇరవై మూడేళ్ళ పంతులమ్మ స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్ల మధ్య కుచ్చిళ్ళు పట్టుకుని కూలబడితే తెలిసినవాళ్ళు నవ్వుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. తల్లి ఎలీసమ్మకు అది తలవంపుగా ఉండేది. ఇద్దరికీ రావలసిన బలం పెద్దవాడికే పోయిందని సరిపెట్టుకునేది.

పెద్దవాడు ఆమోసు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆటగాళ్ళ కోటాలో వచ్చిన ఉద్యోగం. రైల్వే జట్టు తరఫున బరువులెత్తేవాడు. మెడ, భుజాలు కలిసిపోయి చొక్కా పై బొత్తాం ఎప్పుడూ పట్టేది కాదు. వాడు సాయంత్రం వ్యాయామశాల నుంచి వచ్చి వాకిట్లో నీళ్ళు పోసుకుంటుంటే ఎలీసమ్మ పనిమాలా గుమ్మంలోకి వచ్చి చూసేది.

ఆ చూపు వెనక కారణం ఉంది. ఆమె భర్త జ్ఞానప్రకాశం గూడ్స్ గార్డు. ముప్ఫై ఆరేళ్ళకే పోయాడు. యార్డులో బండి కదిలితే వెనక గార్డు కూర్చునే బ్రేక్‌వ్యాన్ అందుకోవడానికి పరిగెత్తి, కమ్మీ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే జారిపోయాడట. ఒంటి మీద దెబ్బ లేదు. జ్వరం లేదు, తాగుడు లేదు. సమాధి దగ్గర ఎవరో గుండె బలం లేని మనిషి అన్నారు. ఆ మాట కుటుంబానికి పేరులా అంటుకుంది. కొడుకు బరువులెత్తుతానన్నప్పుడు ఎలీసమ్మ వద్దనకపోగా, పాలూ గుడ్లూ పెట్టి పెంచింది. ఒళ్ళు గట్టిపడితే గుండె కూడా గట్టిపడుతుందని ఆమె ఆశ.

తొంభయ్యో సంవత్సరం చలికాలంలో ఆ ఇంటికి సత్యవాణి వచ్చింది. తెనాలి అమ్మాయి, ముప్ఫైకి దగ్గర్లో ఉంటుంది. ఊరి చివరనున్న ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పరిశోధన చేస్తోంది. మొదట్లో బాయిలర్ల గోడలు లోపలి ఒత్తిడిని ఎలా తట్టుకుంటాయో చదువుకున్న మనిషి, తర్వాత అదే లెక్కను గుండె మీదికి మళ్ళించింది. గుండె గోడ ఎంత మందముంటే ఎంత బలంగా తోస్తుంది, ఎంత సులువుగా నిండుతుంది, ఇదీ ఆమె పని. అందుకు బరువులెత్తేవాళ్ళ గుండెలు కొలవాలి. వ్యాయామశాలలో అడిగితే అందరూ ఆమోసును చూపించారు. ఆమోసు నవ్వి సరేనన్నాడు గానీ అమ్మ ఒప్పుకోవాలన్నాడు.

కొయ్యడం, గుచ్చడం ఏమీ ఉండదని సత్యవాణి ఎలీసమ్మకు చెప్పింది. కలకత్తాలో ఒక డాక్టరమ్మ దగ్గర యంత్రం ఉంది. దాని పిడిని ఛాతీకి ఆనిస్తే, చెవికి వినపడని శబ్దం లోపలికి పోయి గుండెకు తగిలి తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చినదాన్ని బట్టి తెర మీద బొమ్మ పడుతుంది. దాన్నే ఎకో అంటారు.

ఎలీసమ్మ అంతా విని, "ఆడి గుండెతోటి నీకేటి పనమ్మా? ఆళ్ళ అయ్యది ఎలాగూ ఆగిపోనాది. ఈడిదైనా దాని మానాన దాన్ని ఉండనీ," అంది.

సత్యవాణి వాదించలేదు. తర్వాతి శనివారం ఖరిదా బజారులో మేక గుండెకాయ ఒకటి కొని ఆకులో చుట్టించుకుని మళ్ళీ వచ్చింది. పొయ్యి ఇవ్వమంది. ఉప్పు, కారం ఏమీ వెయ్యకుండా చాలాసేపు ఉడికించింది. చల్లారాక వంటింటి గచ్చు మీద పీట వేసుకుని, పైనున్న కొవ్వూ గొట్టాలూ తీసేసి, ఎలీసమ్మనూ ఆలిస్‌నూ దగ్గరికి రమ్మంది.

బొటనవేలితో పైపొర అంచు లేపి మెల్లగా లాగింది. కండ ముక్కలుగా తెగలేదు. పోగులు పోగులుగా, ఏటవాలుగా, గుండెను చుట్టుకుంటూ ఊడి వచ్చింది. దాని కింది పొరలో పోగుల వాలు మారింది. ఇంకా కింద అవి నడికట్టులా అడ్డంగా తిరిగాయి. అట్టడుగున మళ్ళీ ఏటవాలు, కానీ ఈసారి ఎదురు దిక్కుకు. ఎక్కడా అతుకు లేదు. ఒక పొర ఎక్కడ అయిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పలేనంత నెమ్మదిగా ఆ పోగులు దిక్కు మార్చుకుంటున్నాయి.

ఎలీసమ్మ వంగి చూసింది. తన చేత్తో ఇలాంటివి ఎన్ని కోసి వండిందో లెక్కలేదు. అడ్డంగా కోసేసరికి అన్నీ ఒకేలా కనపడేవి.

సత్యవాణి తడిగుడ్డ అడిగి తీసుకుని రెండు చేతులతో మెలితిప్పి పిండింది. గుండె పిడికిలిలా ముడుచుకోదు, ఇలా మెలి తిరుగుతుంది అని చెప్పింది. ఒక్కో పోగు పొట్టిబడేది చాలా కొంచెం, తన పొడవులో ఏడో వంతు. అయినా గదిలో ఉన్న నెత్తురులో సగానికి పైగా ఒక్క దెబ్బకు బయటికి పోతుంది. పోగులన్నీ పొట్టిబడుతూ ఒకదాన్నొకటి నెట్టుకుని గోడ లోపలికి ఉబుకుతుంది, అల్లిక మెలి తిరుగుతుంది, అందువల్ల అంత చిన్న కదలికకు అంత పని.

ఆలిస్ ఆ మేక గుండె ఎడమ గదిలోకి వేలు పెట్టి చూసింది. గోడ చిటికెన వేలంత మందం ఉంది. కుడి గదిలో పెట్టింది. అక్కడ గోడ పలచన, చొక్కా కాలరంత. ఈ తేడా ఏమిటని అడిగింది. కుడివైపుది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమవైపుది ఒళ్ళంతటికీ పంపాలి అంది సత్యవాణి. పుట్టకముందు రెండు గోడలూ ఇంచుమించు ఒకటే మందం. పుట్టి ఊపిరి పీల్చాక బరువంతా ఎడమదాని మీద పడుతుంది. అప్పట్నుంచి అది దళసరి అవుతుంది. గోడ మందమైతే బరువును ఎక్కువ పోగులు పంచుకుంటాయి, ఏ ఒక్క పోగుకూ భారం కాదు.

"బరువు పడినాదని దానికెవులు సెప్తారు?" అని అడిగింది ఎలీసమ్మ.

"ఎవరూ చెప్పరండీ. దానికే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో మాకింకా పూర్తిగా తెలియదు."

ఎలీసమ్మ ఆ జవాబుకు ఒప్పుకుంది. తెలియదని చెప్పిన మనిషి మీద ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ గుండెకాయను కూర వండడానికి మాత్రం ఆరోజు ఆమెకు చేతులాడలేదు. ఆమోసే వచ్చి ఉల్లిపాయలేసి వేయించుకుని తిన్నాడు.

జనవరిలో ఆమోసు సత్యవాణితో కలిసి హౌరా లోకల్లో కలకత్తా వెళ్ళాడు. డాక్టర్ నందితా బాగ్చీ, జుట్టు నెరిసిన సన్నటి మనిషి, ఆమోసు ఛాతీని చాలాసేపు పరీక్షించింది. మామూలు మనిషి ఎడమ గది గోడ పది మిల్లీమీటర్లు ఉంటుంది. ఆమోసుది పద్నాలుగు ఉంది. సత్యవాణి సంబరంగా రాసుకుంటుంటే డాక్టరమ్మ ఆమెను ఆపి, ఆమోసును తండ్రి ఎలా పోయాడని అడిగింది. ఆమోసు చెప్పాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడు కనక ఆమె బెంగాలీ ఆమోసుకు బాగానే అర్థమైంది. గోడ దళసరి కావడానికి రెండు కారణాలుంటాయని ఆమె చెప్పింది. ఒకటి, బరువులెత్తేటప్పుడు నెత్తురు పోటు విపరీతంగా పెరుగుతుంది, దాన్ని తట్టుకోవడానికి గుండె గోడ కట్టుకుంటుంది. అది ఆరోగ్యమే. రెండోది పుట్టుకతో వచ్చేది. ఏ బరువూ లేకుండానే గోడ ఊరికే మందమైపోతుంది, లోపల పోగుల అల్లిక చెదిరి ఉంటుంది. అది కుటుంబాల్లో దిగుతుంది. పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పరిగెత్తుతూ పడిపోతారు. పద్నాలుగు అనేది ఈ రెండింటికీ మధ్యనున్న అంకె. ఏదో తేల్చుకోవాలంటే ఒకటే దారి. మూడు నెలలు బరువు ముట్టుకోకూడదు. పని చేసి కట్టిన గోడైతే పని ఆపితే తగ్గుతుంది. పుట్టుకతో వచ్చిందైతే తగ్గదు.

ఆమోసుకు అంతకన్నా కష్టమైన మూడు నెలలు అంతకు ముందు లేవు. రైల్వేల మధ్య పోటీలు ఆ ఏడు మార్చిలో పడ్డాయి. వాడు వెళ్ళలేదు. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక వర్క్‌షాపు గేటు నుంచి మలంచా పేట దాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి తిరిగి నడిపించుకుంటూ వచ్చేవాడు, తొక్కడానికి భయపడి. భుజాలు దిగిపోయాయి. చొక్కా పై బొత్తాం పట్టడం మొదలైంది. అద్దంలో చూసుకుని, ఇలా సన్నబడుతున్నందుకు ఏడవాలో సంతోషించాలో తెలియడం లేదని చెల్లెలితో అన్నాడు. కండలతో పాటు గుండె కూడా తగ్గుతుంటే మంచిదే. ఒళ్ళు తగ్గి గుండె తగ్గకపోతే?

ఆలిస్ వాడి వెంట ఉండేది. ఇద్దరూ మెల్లగా నడిచేవాళ్ళు. అన్న తనతో సమానంగా నడవడం ఆమెకు అదే మొదటిసారి.

ఏప్రిల్లో రెండోసారి కలకత్తా వెళ్ళినప్పుడు ఎలీసమ్మ కూతుర్ని కూడా పంపింది. ఏదైనా చెడ్డమాట వినాల్సొస్తే వాడి పక్కన ఇంటి మనిషి ఉండాలని. డాక్టరమ్మ గది మూడో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఆమోసూ సత్యవాణీ ముందు ఎక్కిపోయారు. ఆలిస్ రెండో అంతస్తు మలుపులో గోడ పక్కన గొంతుక్కూర్చుంది. కింద నుంచి మెట్లెక్కి వస్తున్న నెరిసిన జుట్టు ఆవిడ ఆమె ముందు ఆగింది. ఏమైందని బెంగాలీలో అడిగింది. ఏం లేదండీ, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది, ఎప్పుడూ ఇంతే అని ఆలిస్ చెప్పింది. ఆవిడ కదల్లేదు. ఆలిస్ లేచేదాకా అక్కడే నిలబడి, ఆమెతో కలిసి ఒక్కొక్క మెట్టే ఎక్కింది. పైకి వచ్చాక గానీ ఆవిడే డాక్టర్ బాగ్చీ అని ఆలిస్‌కు తెలియలేదు.

ముందు ఆమోసును పడుకోబెట్టారు. గదిలో దీపం తీసేశారు. చిన్న తెర మీద విసనకర్ర ఆకారంలో బూడిదరంగు బొమ్మ. అందులో రెండు తెల్లటి గోడలు దగ్గరికొచ్చి దూరం జరుగుతున్నాయి. వాటి మధ్యనున్న నల్లటి జాగా నెత్తురని సత్యవాణి గుసగుసగా చెప్పింది. డాక్టరమ్మ గోడ మీద రెండు చుక్కలు పెట్టి కొలిచింది. మరో చోట కొలిచింది. పదకొండు.

ఆమోసు లేచి కూర్చుని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడు మిల్లీమీటర్లు, రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత మందం. పన్నెండేళ్ళు బరువులెత్తి కట్టుకున్న గోడను, అవసరం లేదని తెలియగానే గుండె తనంతట తాను విప్పేసుకుంది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ కట్టుకుంటుంది అంది డాక్టరమ్మ. వెళ్ళి ఎత్తుకో అంది. వాడు చెప్పులేసుకుంటుండగా ఆమె ఆలిస్ వైపు తిరిగి, నువ్వు రా అని పిలిచింది.

ఆలిస్ ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకుంది. పిడికి రాసిన జెల్లీ చల్లగా తగిలింది. మొహం తెర వైపే ఉంది కనక ఆమెకు అన్నీ కనిపిస్తున్నాయి. ముందు ఆమెకు యంత్రం మార్చారేమో అనిపించింది. అన్న బొమ్మలో గోడల మధ్య చాలా జాగా ఉంది. ఇందులో జాగాయే సరిగా లేదు. మధ్యగోడ లావుగా ఉబ్బి, ఆ నల్లటి చోటును ఒక పక్కకు తోసేసింది. కొట్టుకున్నప్పుడల్లా రెండు గోడలూ పూర్తిగా కలిసిపోయి నలుపంతా మాయమవుతోంది. తర్వాత సన్నగా ఒక చీలికలా తెరుచుకుంటోంది. మళ్ళీ కలిసిపోతోంది. ఎంత విసురుగా కొడుతోందంటే తెర ఆ చివర నుంచి ఈ చివరకు ఊగుతున్నట్టుంది.

డాక్టరమ్మ కొలిచింది. పిడి జరిపి మళ్ళీ కొలిచింది. సత్యవాణి రాసుకోవడం ఆపేసింది. ఆమోసు ఒక చెప్పు వేసుకుని, ఇంకోటి వేసుకోకుండా నిలబడిపోయాడు.

ఇరవై రెండు.

ఆలిస్ తెర మీంచి చూపు తిప్పలేదు. భయం తర్వాత వచ్చింది. ఆ క్షణాన ఆమెకు కలిగింది భయం కాదు. ఇన్నేళ్ళూ తను బద్ధకస్తురాలిని అనుకుంది. లోపల ఇంత పని జరుగుతోందని, ఒక్క కొట్టుకూ విడుపు లేదని, నిద్రలో కూడా ఆ లావుపాటి కండ తనకోసం ఇలా మెలితిరిగి మెలితిరిగి పిండుతూనే ఉందని ఆమెకు తెలియదు.

"అదంతా నానేనా, అక్కా?" అని సత్యవాణిని అడిగింది.

సత్యవాణి చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. కాగితాల మీద అంకెలుగా ఎన్నోసార్లు వేసుకున్న లెక్క అది. గోడ ఎంత మందమైతే అంత గట్టిగా పిండుతుంది, అంత బిగుసుకుపోతుంది. ఇప్పుడు అది తన ముందు పడుకుని ప్రశ్న అడుగుతోంది. ఆలిస్ చెయ్యి పట్టుకుని, "నువ్వే. మీ అన్నయ్యదాని కన్నా నీదే గట్టిగా కొడుతుంది. వచ్చినదంతా దాదాపు ఖాళీ చేసేస్తుంది. కానీ నిండేటప్పుడు సాగదు, అంత గోడ లోపల చోటు లేదు. వచ్చేదే కొంచెం. అందుకే నీకు నీరసం," అంది.

తర్వాత డాక్టరమ్మ ఆలిస్‌ను లేపి నిలబెట్టింది. స్టెతస్కోపు ఆలిస్ ఛాతీ మీద పెట్టి, గొట్టాలు ఆలిస్ చెవుల్లోనే పెట్టింది. ఆలిస్‌కు తన గుండె చప్పుడు వినపడింది. రెండు చప్పుళ్ళ మధ్య గరగరమని ఇంకో శబ్దం, ఇరుకు సందులోంచి నీళ్ళు తోసుకుపోతున్నట్టు. కూర్చో, నువ్వెప్పుడూ కూర్చునేట్టే కూర్చో అంది డాక్టరమ్మ. ఆలిస్ గొంతుక్కూర్చుంది. ఆ గరగర మెల్లమెల్లగా సన్నబడి దాదాపు వినపడకుండా పోయింది. లేవమంది. లేవగానే శబ్దం మళ్ళీ పెద్దదైంది. ఆలిస్ ఎవరూ చెప్పకుండానే మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది.

ఉబ్బిన మధ్యగోడ నెత్తురు బయటికి పోయే దారికి అడ్డొస్తోందని డాక్టరమ్మ వివరించింది. మోకాళ్ళు మడిచి కూర్చుంటే కాళ్ళలోని నెత్తురు పైకి తోసుకొచ్చి గదిని నింపుతుంది, గది వెడల్పవుతుంది, దారి తెరుచుకుంటుంది. వైద్య విద్యార్థులకు ఈ సంగతి పుస్తకం తెరిచి నేర్పాలి. నీకెవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదని ఆలిస్ అంది. డాక్టరమ్మ, ఎవరైనా నవ్వుతారని ఆ అలవాటు మానుకోకు అని మాత్రం అంది.

ఎంతకాలం బతుకుతానని ఆలిస్ నేరుగానే అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. ఈ జబ్బుతో మనవల్ని ఎత్తుకున్నవాళ్ళున్నారు, ముప్ఫై దాటనివాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎటో చూసి చెప్పడం తనకు రాదు. పరుగులు, బరువులు కూడదు. ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. గుండెను నెమ్మదింపజేసే మాత్రలు ఇస్తుంది. కొట్టుకి కొట్టుకి మధ్య వ్యవధి పెరిగితే నిండడానికి సమయం చిక్కుతుంది.

తిరుగు బండిలో ఆమోసు కిటికీ పక్కన కూర్చున్నాడు. బండి కోలాఘాట్ వంతెన ఎక్కింది. కింద రూప్‌నారాయణ్ నది ఎర్రటి నీళ్ళతో వెడల్పుగా కనపడింది.

"ఆ గోడేదో నాకుండాల్సింది. నీకెందుకొచ్చినాది?" అన్నాడు.

"నీకుంటే బరువు నెత్తిమీదకెత్తినప్పుడే పోయుందువు," అంది ఆలిస్. "నాను మెట్టు మెట్టుకీ కూకునీదాన్ని కాబట్టి ఉన్నాను. ఊరుకో అన్నియ్యా."

వాడు తల ఆమె భుజం మీద ఆనించి ఏడ్చాడు. ఎదుటి బల్ల మీది వేరుశనక్కాయల వాడు మొహం తిప్పుకున్నాడు.

ఎలీసమ్మకు ఆ రోజే చెప్పేశారు. ఆమె కూతురి ఛాతీ మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. ఆ తర్వాత రోజుల్లో ఆమె, ఓవర్‌బ్రిడ్జి మీద కూతురు కూర్చుంటే తనూ పక్కనే మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా తెలిసినవాళ్ళు చూసి నవ్వితే తిరిగి వాళ్ళవైపు చూసేది. వాళ్ళు త్వరగా వెళ్ళిపోయేవాళ్ళు.

జూన్‌లో డాక్టరమ్మ తల్లిని కూడా చూడాలంది, ఇది ఎటునుంచి దిగిందో తెలియాలని. ఎలీసమ్మ జీవితంలో మొదటిసారి తన గుండెను తెర మీద చూసింది. గోడలు తొమ్మిది మిల్లీమీటర్లు, మామూలు గుండె. అవి తీరిగ్గా తెరుచుకుని తీరిగ్గా మూసుకుంటున్నాయి. అయితే ఇది భర్త వైపు నుంచే వచ్చి ఉండాలి, ఆయన గుండెను ఎవరూ చూడలేదు గనక కచ్చితంగా చెప్పలేను గానీ, ఆయన పోయిన తీరు దానికి సరిపోతుంది అంది డాక్టరమ్మ. ఆయన గుండె బలహీనమై ఉండదు, కూతురిదానిలా అవసరానికి మించి బలమైనదై ఉంటుంది.

ఎలీసమ్మ జాకెట్టు బొత్తాలు పెట్టుకుంటూ ఆగిపోయింది. "బలం లేనోడన్నారు ఆయన్ని," అంది తోడొచ్చిన సత్యవాణితో. "బలమే ఎక్కువైపోనాదన్నమాట."

ఖరగ్‌పూర్ చేరాక ఆమె ఇంటికి రాకుండా నేరుగా సమాధుల తోటకు వెళ్ళి, చీకటి పడేముందు వచ్చింది. అక్కడ ఏం చేసిందో చెప్పలేదు.

మాత్రలు వేసుకుంటుంటే ఆలిస్‌కు మొదట్లో నిద్రగా ఉండేది. తర్వాత ఒళ్ళు అలవాటు పడింది. చీకట్లు కమ్మడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆమోసు మళ్ళీ బరువులెత్తాడు. మొదట ఒప్పుకోలేదు, చెల్లెలికి కూడని పని తను చెయ్యనన్నాడు. ఆలిస్ వాడితో రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆ శీతాకాలం వాడు పోటీల్లో నాలుగో స్థానంలో వచ్చాడు. వాడి గుండె గోడ మళ్ళీ మందమైందని సత్యవాణి కొలిచి చెప్పింది. సత్యవాణి పరిశోధన ఇంకో రెండేళ్ళు పట్టింది. అందులో పేరు లేకుండా ఆలిస్ గుండె బొమ్మ ఒకటుంది. ఆ పుట చూపించినప్పుడు ఆలిస్ చుట్టూ ఉన్న ఇంగ్లీషునూ లెక్కలనూ వదిలేసి, ఆ ఉబ్బిన గోడ అంచు మీద వేలు పెట్టి గీసుకుంటూ పోయింది.

తొంభై మూడులో ఆమెను పెళ్ళి చేసుకుంటానని సుందర్ రాజు అడిగాడు. స్టేషన్లో బుకింగ్ క్లర్కు, అదే చర్చివాడు. ఆలిస్ సరేననకముందే అతన్ని కలకత్తా తీసుకెళ్ళి, తెర ముందు నిలబెట్టి, తన గుండె బొమ్మ చూసుకోమంది. అతను చూశాడు. బయటికి వచ్చాక, అంత పని చేస్తున్న గుండెను తక్కువ చేసి చూడడం తనకు చేతకాదని, పెళ్ళి చేసుకుందామని అన్నాడు. పెళ్ళయిన రెండేళ్ళకు కొడుకు పుట్టాడు. ఆ తొమ్మిది నెలలూ డాక్టరమ్మ ఆలిస్‌ను కంటికి రెప్పలా చూసింది. విచిత్రమేమిటంటే కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నెత్తురు పెరిగి ఆ ఇరుకు గది కాస్త నిండుగా ఉండేది. చివరి నెలల్లో ఆయాసం తప్పలేదు గానీ, ఆలిస్ కళ్ళు తిరిగి కూర్చున్న రోజులు ఆ ఏడు తక్కువ.

పిల్లవాడికి కృపారావు అని పేరు పెట్టారు. తల్లి నుంచి బిడ్డకు ఇది దిగే అవకాశం సగం అని డాక్టరమ్మ ముందే చెప్పింది. వాడికి మూడేళ్ళు నిండాక, తొంభై ఎనిమిదిలో, వాణ్ణి తీసుకెళ్ళారు. వాడు యంత్రాన్ని చూసి ఏడుస్తాడనుకున్నారు. చల్లటి జెల్లీకి కితకితలై నవ్వాడు. తర్వాత ఆ చీకటి గదిలో, తల్లి చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు.

తెర మీద రేగుపండంత గది. గోడలు పలచన, నాలుగైదు మిల్లీమీటర్లే. వేగంగా, తేలిగ్గా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఎక్కడా ఉబ్బు లేదు. ఇప్పటికి బాగుంది అంది డాక్టరమ్మ. అంతటితో తీరిపోయిందని కాదు, ఇది పిల్లలు ఎదిగే వయసులో బయటపడుతుంది, అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. ఆలిస్ తల ఊపింది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

కొలతలు అయిపోయాయి. అయినా డాక్టరమ్మ పిడి తియ్యలేదు. తియ్యమని ఎవరూ అడగలేదు. ఆలిస్, సుందర్ రాజు, నెరిసిన జుట్టు ఇంకా తెల్లబడిన ఆ పెద్దావిడ, ముగ్గురూ తెర వైపే చూస్తూ నిలబడ్డారు. వాడు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు.